సంపు తవ్వినట్టే గదా? ఊరి మధ్య ఇంట్లో స్విమ్మింగ్ పూల్, దాని పర్మిషన్ల చిక్కుముడి

"గుంత తవ్వేదానికి పర్మిషన్ ఏంది సార్? సంపు తవ్వినట్టే గదా!"

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఇల్లు కట్టించుకుంటున్న మా బంధువు ఒకాయనకు మేస్త్రీ చెప్పిన మాట ఇది. ఇంజినీరును అడిగితే "ప్లాన్‌లో చూపించకపోతే రేపు ఓసీ దగ్గర ఇరుక్కుంటారు" అన్నాడు. ఓసీ అంటే ఇల్లు ప్లాన్ ప్రకారమే కట్టారని, అందులో చేరొచ్చని ఇచ్చే సర్టిఫికెట్. అమెరికాలో ఉన్న కొడుకేమో ఫోన్‌లో "ఇక్కడ పూల్ పర్మిట్ విడిగా తీసుకోవాలి నాన్నా, అక్కడ ఆ ఫారం ఏదో కనుక్కో" అన్నాడు. ముగ్గురూ తప్పు చెప్పలేదు. ముగ్గురూ పూర్తిగా ఒప్పూ చెప్పలేదు. పాపం ఆయనకు టెన్షన్ మొదలైంది.

ఒకప్పుడు ఈత అంటే మనకు పెన్నా, ఊరి బావి, కాలవ. పూల్ అంటే పెద్ద హోటల్‌లోనో క్లబ్‌లోనో చూసేది. ఇప్పుడు విడి ఇళ్ల ప్లాన్లలోకి, మిద్దెల మీదికి, గేటెడ్ కమ్యూనిటీ బ్రోచర్లలోకి వచ్చేసింది. ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండే ఊళ్లో దీనికి ఏ అనుమతి కావాలో, ఎందుకు కావాలో ఒక్క వాక్యంలో చెప్పడం కుదరదు. ఎందుకంటే ఈ అనుమతి ఒక కాగితం మీద ఉండదు, నాలుగైదు వేర్వేరు ప్రశ్నల్లో చెదిరి ఉంటుంది.

అనుమతి దేనికి: నీళ్లకా, గుంతకా, కట్టడానికా?

ముందు చట్టం దేన్ని కట్టడం అంటుందో చూద్దాం. పట్టణాభివృద్ధి సంస్థలకు ఆధారమైన 2016 నాటి రాష్ట్ర చట్టంలో 'అభివృద్ధి' అనే మాటకు అర్థం చాలా విశాలంగా ఉంటుంది. భూమి మీద, భూమిలో, భూమి కింద చేసే నిర్మాణ పని, ఇంజినీరింగ్ పని అంతా అందులోకే వస్తుంది. నేషనల్ బిల్డింగ్ కోడ్ కూడా ఏ అవసరం కోసమైనా, ఏ సామానుతోనైనా కట్టిన దాన్ని కట్టడంగానే చూస్తుంది. పైకప్పు లేదు కాబట్టి బిల్డింగ్ కాదు అనే వాదన నిలబడదు. కాంక్రీటు గోడలు, కాంక్రీటు అడుగు, పైపులు, మోటారు, లైట్లు ఉన్న పూల్ ఒక కట్టడమే. కాకపోతే భూమిలోకి తలకిందులుగా కట్టిన కట్టడం.

మరి సంపు? అదీ కట్టడమే, అదీ ప్లాన్‌లో చూపించాల్సిందే. తేడా ఎక్కడ వస్తుందంటే, సంపు మీద స్లాబ్ ఉంటుంది. దాని మీద మనిషి నడుస్తాడు, బండి నిలుస్తుంది. ఇంటి చుట్టూ వదిలే ఖాళీలో, అంటే సెట్‌బ్యాక్‌లో, సంపు ఉన్నా ఆ జాగా ఖాళీ జాగాగానే మిగులుతుంది. పూల్ అలా కాదు. పై మూత ఉండదు కాబట్టి ఆ జాగా ఇక దేనికీ పనికిరాదు. మేస్త్రీ పోలిక తవ్వకం వరకు సరిపోయింది, తవ్విన తర్వాత సరిపోలేదు.

పిల్లలు ఆడుకునే గాలి టబ్బు, ప్లాస్టిక్ తొట్టి ఈ లెక్కలోకి రావు. పునాది లేదు, పని అయ్యాక మడిచి అటక మీద పెట్టేయొచ్చు. అలాగని వాటితో ఏ ఇబ్బందీ లేదని కాదు, ఆ సంగతి మిద్దె దగ్గర చూద్దాం.

ఇక్కడ అమెరికాలో ఉన్న కొడుకు ప్రశ్నకు జవాబు కూడా దొరుకుతుంది. చాలా దేశాల నగరాల్లో పూల్‌కు విడి పర్మిట్ ఉంటుంది. మన పద్ధతిలో పూల్ ఇంటి ప్లాన్‌లో ఒక భాగంగా లోపలికి వెళ్తుంది. కొత్త ఇల్లయితే సైట్ ప్లాన్‌లో దాని చోటు, సెక్షన్ డ్రాయింగ్‌లో దాని లోతు కనిపించాలి. ప్లాన్ ముందే ఆమోదం పొందిన ఇల్లయితే అది సవరించిన ప్లాన్ కిందికి వస్తుంది. విడి ఫారం లేకపోవడాన్ని చాలామంది అనుమతి అక్కర్లేదు అని అర్థం చేసుకుంటారు. ఈ గందరగోళంలో సగం అక్కడే పుట్టింది.

ఎవరి పరిధి ఎంతవరకు?

నెల్లూరు, ఒంగోలు నగరాల లోపల అయితే నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగం. ఊరి చుట్టుపక్కల పంచాయతీల్లో అయితే నుడా, అంటే నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ, ఒంగోలు వైపు ఔడా పేర్లు వినిపిస్తాయి. దరఖాస్తులు ఆన్‌లైన్‌లో, లైసెన్స్ ఉన్న సాంకేతిక నిపుణుడి ద్వారా వెళ్తాయి. మన వాళ్లు ఆయన్ని ఎల్‌టీపీ అంటారు. నియమాల పుస్తకం 2017లో జీవో 119తో వచ్చిన ఏపీ బిల్డింగ్ రూల్స్. ఆ తర్వాత వాటిని చాలాసార్లు సవరించారు, అందుకే పాత ఇంటి ప్లాన్ చూసి కొత్త ఇంటి కొలతలు చెప్పేవాళ్ల మాట నమ్మకూడదు.

2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి వచ్చాక ఇంకో అపోహ బయలుదేరింది. తక్కువ ఎత్తు ఇళ్లకు "పర్మిషన్ ఎత్తేశారు" అని. ఎత్తేసింది ఆఫీసు చుట్టూ తిరగడాన్ని. ప్లాన్ నియమాల ప్రకారమే ఉందని యజమాని, ఎల్‌టీపీ సంతకం పెట్టి పూచీ పడతారు. అంటే నియమం అక్కడే ఉంది, దాన్ని పాటించామని చెప్పే బాధ్యత అధికారి టేబుల్ మీద నుంచి మన టేబుల్ మీదికి వచ్చింది. పూల్ సంగతి దాచి సంతకం పెడితే అది మామూలు డీవియేషన్‌తో, అంటే ప్లాన్ తప్పి కట్టారనే మాటతో పోదు, తప్పుడు ధ్రువీకరణ కూడా అవుతుంది.

30 అంకణాల స్థలంలో పూల్ ఎక్కడ పడుతుంది?

నెల్లూరులో స్థలం అంకణాల్లో చెబుతాం. ఒక అంకణం అంటే 72 చదరపు అడుగులు, 8 గజాలు. తిరుపతి వైపు అంకణం ఇందులో సగమే, అక్కడి బంధువులతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త. మా బంధువు స్థలం 40 అడుగుల వెడల్పు, 54 అడుగుల పొడవు. మొత్తం 2,160 చదరపు అడుగులు, సరిగ్గా 30 అంకణాలు.

సెట్‌బ్యాక్ అంటే స్థలం హద్దుకూ ఇంటి గోడకూ మధ్య వదలాల్సిన ఖాళీ. ఇది స్థలం విస్తీర్ణం, ఇంటి ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి ముందు 10 అడుగులు, మిగతా మూడు వైపులా 5 అడుగుల చొప్పున వదలాలనుకుందాం. అప్పుడు ఇల్లు కట్టుకోగలిగిన జాగా 30 అడుగులు ఇంటూ 39 అడుగులు, అంటే 1,170 చదరపు అడుగులు. వదిలిపెట్టింది 990. స్థలంలో దాదాపు సగం ఖాళీ!

మన కళ్లు సహజంగా ఆ 990 మీదికే వెళ్తాయి. పక్క సెట్‌బ్యాక్ 5 అడుగులే కాబట్టి అందులో ఈత కుదరదు. ముందు సెట్‌బ్యాక్ 40 ఇంటూ 10. అందులో 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు పూల్ అచ్చంగా ఇమిడిపోతుంది, కాగితం మీద. గీత గీస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేం. గేటు తీయగానే నీలం రంగు నీళ్లు!

కానీ ఆ ఖాళీ ఎందుకు వదలమన్నారు? గాలి, వెలుతురు అనేది అందరికీ తెలిసిన జవాబు. పూల్ వాదులు దీన్నే పట్టుకుంటారు: "పూల్ భూమట్టానికి కిందే ఉంటుంది, గాలికీ వెలుతురుకూ అడ్డం రాదు గదా." ఆ ఒక్క కోణంలో వాళ్ల మాట న్యాయమే. అయితే సెట్‌బ్యాక్‌కు ఇంకా పనులున్నాయి. నిప్పంటుకున్నప్పుడు ఇంటి చుట్టూ మనుషులు తిరగాలి, నిచ్చెన వేయాలి. వాన నీరు ఇంకడానికి మట్టి కావాలి, ఇంకుడు గుంత అక్కడే వస్తుంది. నీటి పైపు, డ్రైనేజీ పైపు అక్కడి నుంచే లోపలికి వస్తాయి. రోడ్డు వెడల్పు చేసే రోజొస్తే ముందు పోయేది ముందు సెట్‌బ్యాకే. ప్రహరీ పోతే మళ్లీ కట్టుకుంటాం, సగం పూల్ పోతే మిగతా సగాన్ని ఏం చేసుకుంటాం?

కాబట్టి మిగిలేది ఇంటికి కేటాయించిన 1,170 లోపలే చోటు చూడడం. పూల్‌ను 18 ఇంటూ 9కి తగ్గించి, చుట్టూ మనిషి నడవడానికి 3 అడుగుల గట్టు పెడితే 24 ఇంటూ 15, అంటే 360 చదరపు అడుగులు. సరిగ్గా 5 అంకణాలు. కింది అంతస్తు 810 చదరపు అడుగులకు కుదించుకుపోతుంది. ఆ ఇంట్లో కారు ఎక్కడ పెట్టాలి, సంపు ఎక్కడ, మెట్లు ఎక్కడ అనేవి అప్పుడు మొదలయ్యే ప్రశ్నలు. ఇరుకు ఊళ్లో పూల్‌కు అసలు అడ్డం చట్టం కంటే ముందు ఈ కూడికలు తీసివేతలే.

పక్కింటి పునాదికి ఆసరా మన మట్టి

నాలుగడుగుల నీళ్ల పూల్‌కు తవ్వేది నాలుగడుగులు కాదు. అడుగున కాంక్రీటు, దాని కింద బెడ్డు, పైన గట్టు ఎత్తు కలుపుకుంటే ఐదున్నర, ఆరు అడుగులు దిగాలి. పక్క ఇల్లు మూలాపేటలో ఉండే పాతకాలం మిద్దెలాంటిది అయితే, దాని గోడ హద్దు మీదే ఉంటుంది. దాని పునాది నాలుగడుగులకే ఆగి ఉండొచ్చు. మనం దాని పక్కనే అంతకంటే లోతుకు తవ్వితే, ఆ పునాది కింద పరుచుకుని ఉన్న మట్టి మన గుంతలోకి జారడానికి చూస్తుంది. వానాకాలం తవ్వకమైతే చెప్పక్కర్లేదు. పెన్నా పక్క ఇసుక నేల అయితే గుంత గోడలు నిలవవు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి అయితే తడికి ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి పూల్ గోడల్నే నెడుతుంది.

దీనికి చట్టంలో చాలా పాత మూలం ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ప్రతి భూమికీ పక్క భూమి మట్టి ఇచ్చే సహజమైన ఆసరా పొందే హక్కు ఉంది. ఆ హక్కు ఉత్త నేలకు, దాని మీది ఇంటికి కాదు. కానీ ఒక ఇల్లు 20 ఏళ్ల పాటు ఏ ఆటంకమూ లేకుండా అలా ఆసరా పొందుతూ వస్తే, ఆ ఇంటికీ హక్కు ఏర్పడే దారిని 15వ సెక్షన్ చూపిస్తుంది. అంటే పాత ఇంటి పక్కన తవ్వే గుంతకు ఎక్కువ జాగ్రత్త కావాలి. కార్పొరేషన్ అనుమతి ఉంది కదా అని పక్కింటాయన ముందు కాగితం ఊపితే సరిపోదు. అనుమతి మనకూ ప్రభుత్వానికీ మధ్య సంగతి, గోడకు బీట వస్తే అది మనకూ ఆయనకూ మధ్య సంగతి.

ఖాళీ పూల్ తేలుతుంది, నిజంగానే

చెబితే చాలామంది నవ్వుతారు, కానీ లెక్క చూడండి. 20 ఇంటూ 10 అడుగుల పూల్, 4 అడుగుల లోతు. గోడలు, అడుగు 20 సెంటీమీటర్ల మందం. ఆ కాంక్రీటు డబ్బా బరువు సుమారు 23 టన్నులు. భూమిలో అది ఆక్రమించే చోటు సుమారు 32 ఘనపు మీటర్లు. నేల కింది నీరు పూర్తిగా పైకి వచ్చిందంటే, ఆ నీరు డబ్బాను 32 టన్నుల బలంతో పైకి నెడుతుంది. 23 ఓడి, 32 గెలుస్తుంది. లెక్క ప్రకారం నేల కింది నీరు పైకి లేస్తూ, భూమట్టానికి ఇంకా అడుగు పైచిలుకు కింద ఉండగానే ఖాళీ పూల్ కదలడానికి సిద్ధం. నీళ్లు నిండుగా ఉంటే 45 టన్నులు దాటుతుంది కాబట్టి కదలదు.

నెల్లూరుకు ఇది పుస్తకాల్లో లెక్క కాదు. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు లోతట్టు కాలనీలు ఎలా మునిగాయో ఊరంతా చూసింది. చలికాలం వస్తోంది, ఎవరూ ఈదరు అని పూల్ ఖాళీ చేసి కడిగించే కాలం కూడా సరిగ్గా అదే! అందుకే పూల్ డిజైన్‌లో అడుగున నీటి ఒత్తిడిని వదిలే వాల్వు పెడతారు, అడుగు మందం పెంచుతారు. స్ట్రక్చరల్ డ్రాయింగ్, మట్టి పరీక్ష అడిగేది ఫైలు లావు పెంచడానికి కాదు. నీళ్లు నిలిపే కాంక్రీటుకు ఐఎస్ 3370, పూల్స్, భూగర్భ ట్యాంకుల వాటర్‌ప్రూఫింగ్‌కు ఐఎస్ 6494 అని విడిగా ప్రమాణాలు కూడా ఉన్నాయి. మామూలు ఇంటి స్లాబు కలిపినట్టు కలిపితే నీళ్లు కారతాయి.

చెరువు పక్క స్థలాలకు ఇంకో గీత ఉంది. 2017 రూల్స్‌లో 10 హెక్టార్లు, ఆపై ఉన్న చెరువులకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న వాటికి 9 మీటర్లు నిర్మాణం లేకుండా వదలాలి. పూల్‌కు ఇందులో మినహాయింపు ఏమీ లేదు.

మిద్దె మీద పూల్: బరువు ఎవరు మోస్తారు?

కింద చోటు లేకపోతే పైన. ఒంగోలు లాయర్‌పేట లాంటి చోట 200 గజాల స్థలంలో మూడంతస్తులు వేసిన ఇల్లనుకుందాం. సెట్‌బ్యాక్ గొడవ లేదు, పక్కింటి పునాది గొడవ లేదు, గాలి బాగా వస్తుంది. ఫోటోలకు కూడా బాగుంటుంది. ఇక్కడ ప్రశ్న ఒక్కటే, కానీ పెద్దది.

మనుషులు తిరిగే మిద్దెను డిజైన్ చేసేటప్పుడు దాని మీద పడే బరువు చదరపు మీటరుకు 150 కిలోలని తీసుకుంటారు. ఇది ఐఎస్ 875 చెప్పే లెక్క. ఇంటి గదులకు 200 కిలోలు. ఇప్పుడు 4 అడుగుల నీళ్లు: చదరపు మీటరుకు సుమారు 1,220 కిలోలు. ఎనిమిది రెట్లు. 20 ఇంటూ 10 అడుగుల పూల్‌లో నీళ్లు 22,650 లీటర్లు, అంటే 22 టన్నుల పైమాటే. కాంక్రీటు డబ్బా ఇంకో 23 టన్నులు. ఇసుక నింపిన పది చక్రాల టిప్పర్లు ఒకటిన్నర మిద్దె మీద నిలబెట్టినట్టు, అదీ రాత్రింబవళ్లు.

కొత్త ఇంటికి ముందే అనుకుంటే ఇది సమస్య కాదు. పునాది, పిల్లర్లు, దూలాలు ఆ బరువుకు లెక్కగట్టి కడతారు. ఖర్చు పెరుగుతుంది, అంతే. చిక్కు పాత ఇళ్లతో. "ఓవర్‌హెడ్ ట్యాంకు మోస్తోంది గదా, పూల్ మోయదా?" అనే వాదన వింటుంటాం. వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక టన్ను, అదీ సాధారణంగా పిల్లర్ల మీదో మెట్ల గది మీదో కూర్చుంటుంది. పూల్ ఇరవై రెండు ట్యాంకులు, స్లాబు నడిమధ్యలో. పైగా భూమి కదిలితే నీళ్లు ఊగుతాయి, ఆ ఊపు పిల్లర్ల మీద పడుతుంది. 1967లో భూకంపం చూసిన ఊరు ఒంగోలు.

మడిచి పెట్టుకునే టబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి. ఒక అడుగు నీళ్లు పోసినా చదరపు మీటరుకు 305 కిలోలు, మిద్దె లెక్కకు రెట్టింపు. చిన్నపిల్లల టబ్బయితే విస్తీర్ణం తక్కువ కాబట్టి నెట్టుకొస్తుంది. పది పన్నెండు అడుగుల వెడల్పున్న, రెండడుగుల నీళ్లు పట్టే ఆన్‌లైన్ టబ్బు తెప్పించి పాత మిద్దె మీద పరిస్తే అది నాలుగు రెట్లు. దానికి ఏ పర్మిషనూ అక్కర్లేదు. స్లాబుకు ఆ సంగతి తెలియదు.

నీళ్ల గొడవ: ఇద్దరి వాదనలోనూ పస ఉంది

ఒంగోలులో కుళాయి నీళ్లు రోజూ రావు. సాగర్ కాలవ నుంచి వచ్చిన నీళ్లు ఎస్ఎస్ ట్యాంకుల్లో, అంటే వేసవికి నీళ్లు దాచే చెరువుల్లో నింపుకుని, వాటిని ఊరంతా పంచుకునే పరిస్థితి. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో ఫ్లోరైడు లేని మంచినీళ్లే గగనం. అలాంటి ప్రాంతంలో ఒక ఇంటివాళ్లు 22,650 లీటర్లు ఈతకు నింపుకోవడం ఏమిటి అనేది ఒక పక్షం. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అనే ప్రమాణంతో చూస్తే ఆ నీళ్లు నలుగురున్న ఇంటికి 42 రోజులు సరిపోతాయి.

పూల్ పెట్టుకున్నవాళ్ల జవాబు వేరు: "ఒక్కసారి నింపుతాం, ఆ నీళ్లనే ఫిల్టర్ చేసి తిప్పుతాం." ఈ మాటను పక్కన పెట్టేయకుండా లెక్క వేద్దాం. ఎండకు సగటున రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైతే, ఆ పూల్ నుంచి పోయేది సుమారు 110 లీటర్లు. ఒక మనిషి కోటా కంటే తక్కువ. ఫిల్టర్ కడగడానికి వారానికి 500 లీటర్లు అనుకుందాం. ఏడాదికి ఆవిరి 40 వేలు, ఫిల్టర్ 26 వేలు, మొదట నింపింది 22 వేల పైచిలుకు. అన్నీ కలిపి 90 వేల లీటర్ల లోపు.

ఇప్పుడు ఫిల్టర్ లేని పూల్. తోటల్లో, ఊరి బయట ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే: కాంక్రీటు తొట్టి, టైల్స్, బోరు పైపు. నీళ్లు పచ్చబడగానే వదిలేసి మళ్లీ నింపడం. వారానికోసారి మారిస్తే ఏడాదికి 11 లక్షల 77 వేల లీటర్లు. 13 రెట్లు! కాబట్టి నీళ్ల వాదనలో "పూల్ ఉండాలా, వద్దా" కంటే "ఫిల్టర్ ఉందా, లేదా, కారుతోందా" అనేదే అసలు ప్రశ్న అని నాకనిపిస్తుంది. మాట్లాడుకునేటప్పుడు మాత్రం రెండింటినీ ఒకే గాట కట్టేస్తాం.

చట్టం వైపు నుంచి చూస్తే కుళాయి నీళ్లు ఇంటి వాడకానికి ఇచ్చినవి, వాటితో పూల్ నింపడం ఆ కనెక్షన్ ఉద్దేశం కాదు. బోరు వేయాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోర్లపై అందులో ఆంక్ష ఉంది. ట్యాంకర్లయితే 5 వేల లీటర్లవి ఐదు. వదిలేసే నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. క్లోరిన్ కలిపిన 22 వేల లీటర్లు ఒక్కసారి వీధి కాలవలోకి వదిలితే ఎదురింటి ముందు చెరువవుతుంది, పక్కింటి మొక్కలు మాడతాయి. ప్లాన్‌లో డ్రైనేజీ లైను ఎటు పోతుందో చూపించమనేది అందుకే.

గేటెడ్ కమ్యూనిటీ, బీచ్ గెస్ట్‌హౌస్

అపార్ట్‌మెంటు, విల్లాల పూల్ విడి ఇంటి పూల్ లాంటిది కాదు. అది ఉమ్మడి ఆస్తి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, 8 దాటిన ఫ్లాట్లతోనో వచ్చే ప్రాజెక్టు రెరాలో, అంటే స్థిరాస్తి నియంత్రణ సంస్థలో నమోదు కావాలి. ఆమోదించిన ప్లాన్‌లో ఉన్న ఉమ్మడి వసతిని బిల్డరు మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బ్రోచర్‌లో పూల్ బొమ్మ ఉండి ఆమోదించిన ప్లాన్‌లో ఆ చోట పచ్చిక ఉంటే, గొడవ అక్కడ మొదలవుతుంది.

మైపాడు వైపు సముద్రం పక్కన గెస్ట్‌హౌస్ కట్టి పూల్ పెట్టాలనుకునేవాళ్లకు సీఆర్‌జెడ్, అంటే తీర ప్రాంత నియంత్రణ నియమాలు అనే ఇంకో గడప ఉంది. 2019 నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత తక్కువున్న తీర గ్రామాల్లో సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీరు చేరే గీత నుంచి 200 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలకు వీల్లేని జాగా. ఇసుకలో పూల్ తవ్వడం తేలికే, అక్కడ ఉంచుకోవడమే కష్టం.

కంచె ఊసు

ఫ్రాన్స్‌లో 2003లో చట్టం చేసి భూమిలో కట్టిన ప్రైవేటు పూల్స్‌కు కంచె, మూత, అలారం, కప్పు వీటిలో ఏదో ఒక రక్షణ తప్పనిసరి చేశారు. ఆస్ట్రేలియాలో ఇంటి పూల్ చుట్టూ 1.2 మీటర్ల ఎత్తు కంచె, దానంతటదే మూసుకునే గేటు ఉండాలి. అక్కడ పూల్ పర్మిట్ అంటే ముందు గుర్తొచ్చేది పిల్లల ప్రాణం. మన దగ్గర పూల్ మాట ఎత్తగానే సెట్‌బ్యాక్, ఫీజు, ఓసీ అంటాం, కంచె గురించి అడిగినవాళ్లను నేను ఇంకా చూడలేదు. ఇంటి ప్రహరీ ఉంది కదా అంటారు. మునిగేది ప్రహరీ బయటి పిల్లలే కాదు, లోపలి పిల్లలు కూడా. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉంది, ప్లాన్ ఆమోదం దాని నుంచి కాపాడదు. నీళ్లలో లైట్లకు 12 వోల్టులు, పంపు లైనుకు కరెంటు 30 మిల్లీఆంపులు లీకైతేనే తెగే ట్రిప్పర్ పెట్టడం కూడా ఈ కోవలోదే.

ముందే తవ్వేస్తే?

"కట్టేద్దాం, తర్వాత బీపీఎస్‌లో చూసుకుందాం" అనేది మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన ఆలోచన. బీపీఎస్ అంటే అనుమతి లేకుండానో ప్లాన్ తప్పో కట్టిన వాటిని జరిమానా కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకం. అది ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీ కాదు. ఒక తేదీ పెట్టి, ఆ తేదీకి ముందు కట్టినవాటికే వర్తిస్తుందంటారు. తర్వాతి తేదీ ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. ఈలోగా ఓసీ ఆగితే బ్యాంకు దగ్గర, అమ్మకం దగ్గర అడుగుతారు. అయినా ఈ దారికి ఒక సమర్థన లేకపోలేదు. చిన్న స్థలాలకు నియమాలు కుదరనప్పుడు జనం ఏం చేయాలి అని ఇంజినీర్లు కూడా అడుగుతారు. ఇంటి అవసరాల విషయంలో ఆ ప్రశ్న న్యాయమైనదే, పూల్‌కు దాన్ని వాడుకోవడమే కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది.

మా బంధువు చివరికి ముందు సెట్‌బ్యాక్ ఆలోచన మానుకున్నాడు. పూల్‌ను 18 ఇంటూ 9కి తగ్గించి ఇంటి హద్దు లోపలికి జరిపించి, సవరించిన ప్లాన్ గీయించాడు. స్ట్రక్చరల్ ఇంజినీరు అడుగు మందం పెంచాడు, వాల్వు పెట్టాడు, పక్కింటి వైపు తవ్వకానికి దన్ను పెట్టే పద్ధతి రాశాడు. ఆ ప్లాన్ తీసుకెళ్లి మేస్త్రీకి చూపిస్తే, ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి తల గోక్కున్నాడు.

"పూల్ బాగానే ఉండాది సార్. సంపు యాడ?"